ఒక్క పురుగూ చావలేదని చెప్పిన చీర

భూదాన్ పోచంపల్లిలో కొన్న ఒక అహింసా పట్టు చీర గురించి, దాన్ని అమ్మిన దుకాణం గురించి రాస్తున్నాను. ధర 14,500 రూపాయలు. నేరేడుపండు రంగు, ఆవపువ్వు పసుపు అంచు, చీరంతా గళ్లు, గడికొక చిలుక. చీర బాగుంది. ఆ ఒక్క మాట కోసం వచ్చినవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. నాకు పేచీ కొంగుకు దారంతో వేలాడదీసిన అట్టముక్కతో. దాని మీద ఆకుపచ్చ అక్షరాల్లో ‘ఈ చీర కోసం ఒక్క పురుగు కూడా చావలేదు’ అని అచ్చు వేశారు. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పట్టుపురుగుల పెంపకం మా సిలబస్‌లో ఒక భాగం. అటువంటి వాక్యం కంటపడితే చూసీ చూడనట్టు ఊరుకోవడం నాకు చేతకాదు.

చీర కొన్నది నాకోసం కాదు. మా చెల్లెలి కూతురు హైదరాబాదులో చిత్రకళ చదువుతోంది. జీవకణాలతో, మొక్కలతో, బతికున్న ప్రాణులతో కళాఖండాలు చేయడం తగునా తగదా అన్నది ఆమె ఈ ఏడాది రాస్తున్న వ్యాసం. ఇంట్లోనేమో నిశ్చితార్థం పనులు. “పట్టు కట్టుకోను పెద్దమ్మా, పురుగుల్ని గూళ్లతో సహా ఉడకబెట్టి తీసిన దారం అది” అని పిల్ల పట్టు. పట్టుచీర లేకుండా నిశ్చితార్థం ఏమిటని వాళ్లమ్మ పట్టు. మధ్యేమార్గంగా, పురుగును చంపకుండా తీస్తామని చెప్పే అహింసా పట్టు అన్నారు. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పోచంపల్లి నాకు దగ్గర కాబట్టి కొనే బాధ్యత నా మీద పడింది.

దుకాణం పెద్ద బజారులోనే ఉంది. పేరు రాయడం లేదు. యజమాని మర్యాదస్తుడు, నా ఫిర్యాదు ఆయన ఒక్కరి మీద కాదు. చెప్పులు విడిచి తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోగానే టీ ఇచ్చారు. అడిగిన ప్రతి చీరా విసుగు లేకుండా పూర్తిగా విప్పి చూపారు. “ఇది మీ కోసమే నేయించినట్టుంది” వంటి మాటలు లేవు. అది పెద్ద సుఖం. అన్నిటికన్నా నాకు నచ్చింది, అదే డిజైను మామూలు మల్బరీ పట్టులో కూడా తెచ్చి పక్కన పరచడం. దాని ధర 11,000. రెండింటికీ తేడా ఉండదని బుకాయించకుండా, “తేడా మీకే తెలుస్తుంది మేడం, చేత్తో పట్టుకుని చూడండి” అన్నారు.

తేడా చేతికన్నా ముందు కంటికే తెలిసింది, అదీ చిలుక ముక్కు దగ్గర. మామూలు పట్టు చీరలో ముక్కు మొన మెట్లు మెట్లుగా, స్పష్టంగా తేలింది. అహింసా పట్టులో అదే మొన చుట్టూ ఎరుపు కాస్త పాకి, జామపండు కొరికిన చిలుకలా ఉంది. ఇది నేతగాడి లోపం కాదు. పోచంపల్లి పనిలో నేయకముందే దారానికి రంగు పడుతుంది. పడుగు, పేక పోగుల్ని చట్రం మీద సాగదీసి, డిజైను ప్రకారం ఎక్కడెక్కడ రంగు పట్టకూడదో అక్కడ చిటికీ (బిగువైన కట్టు) కట్టి, రంగులో ముంచుతారు. చిటికీ ఎంత బిగిస్తే అంచు అంత తీరుగా వస్తుంది. నున్నటి పోగు మీద బిగువు బాగా నిలుస్తుంది. నూగున్న పోగు మీద రంగునీరు నూగు వెంట చిటికీ కిందికి జారుతుంది. అహింసా పట్టు పోగుకు నూగు ఉంటుంది. ఎందుకుంటుందో తెలియాలంటే పురుగు దగ్గరికి వెళ్లాలి.

పట్టుపురుగు చంద్రికల (గూడు కట్టడానికి పెట్టే వెదురు తట్టల) మీదికి ఎక్కాక తల ఊపుతూ ఒకటే పోగు వదులుతుంది. గూడు పూర్తయ్యేసరికి ఆ పోగు తెగకుండా కొన్ని వందల మీటర్లు ఉంటుంది. మంచి రకమైతే కిలోమీటరు కూడా దాటుతుంది. లోపలి ప్యూపా రెక్కల పురుగుగా మారితే నోటి నుంచి ఒక ద్రవం వదిలి, గూటి కొసను మెత్తబరిచి, దారి చేసుకుని బయటికి వస్తుంది. అప్పటికి ఒకటే పోగు ఎన్నో ముక్కలైనట్టు. అందుకే బయటికి రాకముందే గూళ్లను ఆవిరిలోనో వేడిగాలిలోనో పెట్టి ప్యూపాను చంపేస్తారు. తర్వాత వేడినీళ్లలో నానబెట్టి పోగు కొస పట్టుకుని లాగుతారు. ప్రాణి బయటికి వచ్చేదాకా ఆగితే ఆ గూటి నుంచి పోగు లాగలేరు, పత్తిని వడికినట్టు వడకాలి. పొట్టి పీచుల్ని పురి పెట్టి దారం చేయడమే. కొసలు పైకి లేచి నూగవుతాయి, మెరుపు తగ్గుతుంది, దారం అక్కడక్కడా లావవుతుంది.

చిన్నప్పటి నుంచి పట్టు అంటే గరగరలాడే చప్పుడు, ఒంటి మీద నిలవకుండా జారే పైట అనుకున్నవాళ్లకు ఈ చీర వేరే జాతిలా కనిపిస్తుంది. చప్పుడు లేదు. కుచ్చిళ్లు పెట్టినచోటే ఉంటాయి, పిన్నుల అవసరం తక్కువ. వంటింటి తూకంలో పెడితే మామూలు చీర కన్నా బరువు తేలింది గాని ఒంటికి ఆ బరువు తెలియదు. మే నెలలో మిర్యాలగూడలో ఒక పెళ్లికి కట్టుకుని వెళ్లాను. ఆ ఎండలో పట్టు కట్టుకుని చెమటతో వేగిపోలేదంటే అది ఈ చీర పుణ్యమే. నూలు చీరలాగా గాలి ఆడనిస్తుంది. మెరుపు తక్కువ కాబట్టి ఫొటోల్లో చాలామంది నూలు అనుకున్నారు. అది నాకు ఇబ్బంది కాదు గాని పద్నాలుగు వేలు పోసి కొన్నవాళ్లందరికీ నచ్చకపోవచ్చు. హ్యాండ్‌బ్యాగు రాసుకునే నడుము దగ్గర అప్పుడే చిన్న చిన్న ఉండలు కడుతోంది. కుంకుడు రసంలో ఉతికితే నేరేడు రంగు చెక్కుచెదరలేదు, పసుపు మాత్రం ఒకసారి నీళ్లలోకి దిగింది.

నిశ్చితార్థం పిల్ల కోసం కొన్న చీర నేను మిర్యాలగూడకు ఎందుకు కట్టుకున్నానంటే, నా లెక్క విన్నాక ఆమె కట్టుకోనంది. ఆ లెక్క ఇది.

“పురుగు గూడు చీల్చుకుని ఎగిరిపోయాకే గూడు తీసుకుంటారు మేడం” అన్నారు దుకాణం యజమాని.

“ఎగిరిపోదు బాబూ, దానికి ఎగరడం రాదు” అన్నాను.

ఆయన నవ్వారు, నేను హాస్యమాడాననుకున్నారు. మల్బరీ పట్టుపురుగును మనిషి దాదాపు ఐదు వేల ఏళ్లుగా పెంచుతున్నాడు. అంత కాలం పోగు కోసమే ఏరి ఏరి పెంచితే రెక్కలున్నా ఎగరలేని ప్రాణి మిగిలింది. బయటికి వచ్చిన రెక్కల పురుగు జతకడుతుంది, ఆడది మూడు నుంచి ఐదు వందల గుడ్లు పెడుతుంది, కొద్ది రోజుల్లో చనిపోతుంది. అడవిలో వదిలితే బతకదు. లార్వా కూడా అంతే, ఆకు దగ్గరికి తెచ్చి వేయకపోతే వెతుక్కుంటూ దూరం పోయే తెలివి దానికి మిగల్లేదు. ప్రయోగశాల, జన్యువు అన్న మాటలు పుట్టకముందే మనిషి చేతుల్లో తయారైన జీవి అది.

ఇప్పుడు చీర లెక్క. ఒక చీరకు పట్టుగూళ్లు వేలల్లో కావాలి. మాటవరసకు రెండు వేలే అనుకుందాం. అన్నిటి నుంచీ రెక్కల పురుగులు బయటికి వచ్చాయి, సంతోషం. అందులో సగం ఆడవి. ఒక్కొక్కటి నాలుగు వందల గుడ్లు పెడితే నాలుగు లక్షల పిల్ల పురుగులు. వాటికి నెల రోజుల పాటు లేత ఆకు, ముదురు ఆకు వేళకు వేయాలి. ఒక్క చీర కోసం నాలుగు లక్షల నోళ్లకు మల్బరీ తోట ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు. గుడ్లు పారేస్తారు, లేదా పొదిగిన పిల్లలు ఆకు లేక ఎండిపోతాయి. అట్టముక్క మాటకు అక్షరాలా కట్టుబడితే ప్యూపా చావలేదు, నిజమే. చావు ఒక తరం ముందుకు జరిగింది, అంతే.

దానికన్నా ముందు ఇంకో చావు ఉంది. రైతుకు అందే గుడ్లు రోగం లేనివని తేల్చాలి. పెబ్రిన్ అనే రోగం తల్లి నుంచి గుడ్లలోకి దిగుతుంది. 1860లలో అది ఫ్రాన్స్ పట్టు పరిశ్రమను చావుదెబ్బ తీసినప్పుడు లూయీ పాశ్చర్ ఒక పద్ధతి చూపించాడు. గుడ్లు పెట్టిన తల్లిని నూరి, ఆ ద్రవాన్ని మైక్రోస్కోపు కింద చూడడం. రోగబీజాలు కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ తగలబెట్టడం. పట్టుగుడ్ల కేంద్రాల్లో నేటికీ ఆ పద్ధతే ఆధారం. మా పిల్లల్ని స్టడీ టూరుకు తీసుకెళ్లినప్పుడు చిన్న రోలులో తల్లిపురుగును నూరుతుంటే వెనక వరసలో ఒక అమ్మాయి ముఖం తిప్పుకుంది. రికార్డులో మాత్రం బొమ్మ చక్కగా గీసింది. అహింసా పట్టుకు పెంచే పురుగైనా ఏదో ఒక గుడ్డు నుంచే రావాలి. ఆ గుడ్డు వెనక రోలు ఉంది. రోలు లేకపోతే రోగం పాకి షెడ్డు మొత్తం పోతుంది, అది ఇంకా ఎక్కువ చావు. ఇందులో ఎవరినీ దుర్మార్గులనలేం. అలాగని ‘ఒక్క పురుగు కూడా’ అని మాత్రం ఎవరూ అచ్చు వేయకూడదు.

అసలు ఇది ఆ రకం పట్టేనా అన్నది ఇంకో ప్రశ్న. కొంగు చివర పోగులు నాలుగు తీసి కాల్చాను. జుట్టు కాలిన వాసన, వేళ్ల మధ్య నలిగే నల్లటి బూడిద. కాబట్టి పట్టే. రిటైరయ్యాక కొనుక్కున్న పాత మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. పొట్టి పీచులు, ఎక్కడికక్కడ కొసలు, పురి. కాబట్టి వడికిన దారమే. అక్కడితో పరీక్ష అయిపోయింది, ఎందుకంటే వడికిన పట్టుకు దారులు రెండు. పురుగు చీల్చుకుని వచ్చిన గూళ్లను వడకడం ఒకటి. మామూలు పద్ధతిలో, అంటే ప్యూపాను చంపి పోగు లాగేటప్పుడు మిగిలే వ్యర్థాన్ని, తెగిన పోగుల్ని వడకడం రెండోది. రెండో రకం మిల్లు దారం బజారులో బాగా దొరుకుతుంది. రెండింటి పీచూ ఒకటే ప్రోటీను. ఏ మైక్రోస్కోపూ వాటిని విడదీసి చెప్పదు, దారం వచ్చిన దారి తెలిసిన కాగితం ఒక్కటే చెబుతుంది.

ఆ కాగితం అడిగాను. యజమాని కాదనకుండా ఫైలు తెచ్చారు. బిల్లు మీద ‘స్పన్ సిల్కు’ (వడికిన పట్టు) అని, దారం నంబరు, కిలోలు, జీఎస్టీ ఉన్నాయి. పురుగు ఊసే లేదు. వ్యాపారికి ఫోను చేశారు. ఆయన అవతలి నుంచి “అహింసానే సార్, అందరూ అదే తీసుకుంటారు” అన్నాడు. ఎక్కడి గూళ్లు అంటే కర్ణాటక వైపు అన్నాడు, అంతకు మించి మాట రాలేదు. చీరకు సిల్కు మార్కు ఉంది. అది స్వచ్ఛమైన పట్టు అని చెప్పడానికి కేంద్ర పట్టు మండలి పెట్టిన గుర్తు. పురుగు బతికిందా చచ్చిందా అని అది చూడదు. హైదరాబాదులో కుసుమ రాజయ్య గారు 1990ల నుంచి ఈ పద్ధతి మీద పనిచేసి అహింసా పట్టుకు పేరు తెచ్చారు. ఈ చీర దారం ఆయన దగ్గరిదని దుకాణం వాళ్లు అనలేదు, నేనూ అనడం లేదు. అట్టముక్క మీద ఎవరి పేరూ లేదు. అదే దాని అసలు జబ్బు.

ఈ సంగతంతా మా చెల్లెలి కూతురికి చెప్పాను. దిగులు పడుతుందనుకుంటే లేచి కూర్చుంది. “నా వ్యాసానికి ఇదే కావాలి పెద్దమ్మా” అంది. ఆమె చెప్పగా విన్న వాటిలో ఒకటి నన్ను బాగా పట్టుకుంది. ఆస్ట్రేలియాలో ఓరాన్ కాట్స్, అయోనాట్ జుర్ అనే ఇద్దరు కళాకారులు 2004లో గాజు పాత్రలో, బతికున్న కణాలతో బొమ్మకు తొడిగేంత చిన్న కోటు పెంచారు. దానికి పెట్టిన పేరు ‘బలిపశువు లేని తోలు’ అన్న అర్థంలో ఉంటుంది. అయితే ఆ కణాలు పెరగడానికి పోసే ద్రవంలో దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం వాడాల్సి వచ్చింది. ఆ సంగతి వాళ్లు దాచలేదు, పేరు ఎంత అబద్ధమో చూపించడానికే ఆ పేరు పెట్టారు. 2008లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శిస్తుంటే కోటు అదుపు తప్పి పెరిగింది, ఒక చెయ్యి ఊడిరాబోయింది. చివరికి క్యూరేటర్ పావోలా ఆంటొనెల్లి ద్రవం ఆపించి దాన్ని ‘చంపాల్సి’ వచ్చింది. అది పత్రికల్లో వచ్చింది, జనం వాదించుకున్నారు. నా చీర అట్టముక్క కూడా అదే పేరు పెట్టుకుంది. తేడా ఏమిటంటే వాళ్లు పేరు పెట్టి సీరం సీసా పక్కనే చూపించారు, వీళ్లు పేరు పెట్టి ఫైలు బీరువాలో పెట్టారు.

ఆమె చెప్పిన ఇంకొకటి వింటే కడుపులో తిప్పింది. 2000లో డెన్మార్క్‌లో మార్కో ఎవరిస్టీ అనే కళాకారుడు ఒక మ్యూజియంలో మిక్సీ జార్లలో నీళ్లు పోసి, బంగారు చేపల్ని వేసి, మీట నొక్కడం నొక్కకపోవడం చూసేవాళ్ల ఇష్టమన్నాడు. కొందరు నొక్కారు. మ్యూజియం డైరెక్టరు మీద కేసు పెడితే, చేపలు క్షణంలో చనిపోయాయి కాబట్టి క్రూరత్వం కాదని 2003లో కొట్టేశారు. నాకైతే ఆ కళాకారుడి మీద ఏ గౌరవమూ కలగలేదు. ఒక ప్రాణిని చంపి మనకు మన గుణం చూపించాల్సిన అవసరం లేదు, పట్టు దుకాణంలో కూర్చున్నా ఆ గుణం కనిపిస్తుంది. అక్కడ మీట చేతికి అందేంత దూరంలో ఉంది, ఇక్కడ 11,000 బిల్లుకు అవతల ఎక్కడో ఉంది.

జన్యువుల సంగతి వచ్చేసరికి నేనూ ఆమే రెండు వైపులయ్యాం. జపాన్ శాస్త్రవేత్తలు జెల్లీఫిష్, పగడాల జన్యువులు పట్టుపురుగులో పెట్టి, ప్రత్యేకమైన వెలుతురులో ఆకుపచ్చగా, ఎర్రగా మెరిసే పట్టు తీశారు, దానితో దుస్తులూ కుట్టించారు. గూళ్లను మరిగించే వేడికి ఆ మెరుపు చచ్చిపోతుందని తక్కువ వేడిలో పోగు లాగే పద్ధతి కనిపెట్టారు. అంత జాగ్రత్త మెరుపు మీద! ప్యూపా మీద ఎవరికీ లేకపోయింది. మెరుపు కోసం జీవిని మార్చడం ఎడ్వర్డో కాట్స్ అనే ఇంకో కళాకారుడి నాటి నుంచీ ఉన్న తగువే. 2000లో ఆయన ఫ్రాన్స్ ప్రయోగశాల నుంచి పచ్చగా మెరిసే కుందేలును కళాఖండంగా ప్రకటించాడు, ప్రయోగశాల దాన్ని ఆయనకు ఇవ్వనేలేదు. “అందం కోసం జన్యువు మార్చడం తప్పు” అంటుంది మా పిల్ల. మరి రోగం కోసమైతే? హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థలో జె. నాగరాజు బృందం గ్రాసరీ రోగం తెచ్చే వైరసును తట్టుకునే పట్టుపురుగును జన్యుమార్పిడితో తయారుచేసింది, ఆ పరిశోధన 2013లో అచ్చయింది. గ్రాసరీ సోకిన పురుగు ఒళ్లు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కారుతూ చనిపోతుంది. నేను చూశాను. దానికన్నా జన్యుమార్పిడి నయమనే అంటాను. “ఆరోగ్యంగా పెంచి ఆవిరిలో పెట్టడానికా పెద్దమ్మా?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

ఇద్దరికీ నచ్చిన పని ఒకటుంది. 2013లో అమెరికాలోని ఎంఐటీలో నెరి ఆక్స్‌మన్ బృందం చట్రాలకు పట్టుదారం అల్లి ఒక గోపురం కట్టి, దాని మీద 6,500 పట్టుపురుగుల్ని వదిలింది. పట్టుపురుగుకు మూల దొరకకపోతే గూడు కట్టలేదు, చదునుగా పోగు వదులుకుంటూ పోతుంది. అక్కడ అవి అలాగే పొర అల్లి, పని అయ్యాక కిందికి రాలి, బయటే ప్యూపాగా మారాయి. పోగు కోసం ఉడకబెట్టే పని లేకపోయింది. ఇది చదివి నేను ఎగిరి గంతేయకపోవడానికి కారణం, మా ల్యాబులో గాజుపలక మీద పురుగును పెట్టి అదే చూపించేవాళ్లం. మధ్యాహ్నం పెడితే మర్నాటికి పలక మీద వెలుతురు దూరే పల్చటి పట్టు రేకు, పక్కన పచ్చటి పురుగు. పిల్లలు ఆ రేకును వేళ్ల మీద వేసుకుని చూసుకునేవారు. కప్పల్ని కోసిన రోజుల్లో ఎవరి ముఖంలోనూ ఆ కళ లేదు. అయితే రేకు నుంచి చిలుకలున్న చీర రాదు. గోపురం చేసినవాళ్లకు పోగు చాలు, పోచంపల్లికి దారం కావాలి.

దారమంటే గుర్తొచ్చింది. అట్టముక్క మీద పురుగు మాట ఉంది, మనిషి మాట లేదు. చిటికీ కట్టడానికి ముందు పేక దారాన్ని ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల మీదుగా దారాన్ని అటూ ఇటూ తిప్పడం. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరుగుతుంది. తరతరాలుగా ఇంటి ఆడవాళ్ల పని అది. భుజం పట్టేసి చెయ్యి లేవని ఆడవాళ్లు ఈ ఊళ్లలో ఎందరో. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ అవస్థ చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను కొన్న దుకాణం వెనక మగ్గాల దగ్గర ఆ యంత్రం ఉంది. గుంట మగ్గం మీద కూర్చున్న పెద్దాయనను అడిగితే, ఎగుడుదిగుడుగా ఉండే ఈ వడికిన దారం మామూలు పట్టుకన్నా ఎక్కువ తెగుతుందని, అతుకులతో సగం రోజు పోతుందని చెప్పారు. కూలి కాస్త ఎక్కువ ఇస్తారట. ఎంతో నేను అడగలేదు, ఆయన యజమాని పక్కనే నిలబడి ఉన్నారు. ఈ దుకాణానికి నేనిచ్చే మంచి మార్కుల్లో సగం ఆ యంత్రానికి.

అక్కడే ఎరి పట్టు చున్నీలు కూడా ఉన్నాయి, 2,800 నుంచి. అస్సాం వైపు పెంచే ఈ పురుగు ఆముదం ఆకు తింటుంది. నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఆముదం చేను కొత్త కాదు. ఆముదం ఆకు తినే దాసరి పురుగు మీద మందు కొట్టడమే మనకు తెలుసు, అదే ఆకు పెట్టి ఇంకో పురుగును సాకుతారంటే మా ఇంటి పక్క రైతు నమ్మలేదు. ఎరి గూటికి ఒక కొస తెరిచే ఉంటుంది, పోగు లాగడానికి ఎలాగూ రాదు, అందుకని చంపాల్సిన పని లేదు. దీన్ని కూడా అహింస అనే అమ్ముతున్నారు. కానీ ఈశాన్యంలో ఎరి ప్యూపాను ఇష్టంగా వండుకుని తింటారు. ఆ ఇళ్లలో గూడు ఉపవస్తువు, ప్యూపా కూర. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు, ఒక ప్రాణిని పెంచి తింటూ మిగిలినదాన్ని వడకడం నిజాయితీ అయిన బతుకే. చున్నీ మెత్తగా, వెచ్చగా ఉంది, చలికాలానికి చాలా బాగుంటుంది. దాని అట్టముక్క మీద కూడా అదే ఆకుపచ్చ వాక్యం!

మా చెల్లెలి కూతురు చివరికి నిశ్చితార్థానికి వాళ్లమ్మ పెళ్లిచీర కట్టుకుంది. దాని పురుగులు తను పుట్టకముందే పోయాయి, కొత్తగా ఎవరినీ చంపించలేదన్నది ఆమె వాదం. చెల్లెలు తన చీర కట్టుకుందని మురిసిపోయింది, కారణం అడగలేదు. ఆ వాదంలోనూ నేను రంధ్రాలు వెతకగలను గాని నిశ్చితార్థం ఇంట్లో నోరు మూసుకున్నాను.

యజమానికి ఒక కాగితం మీద రాసిచ్చి వచ్చాను, అట్టముక్క మీద ఏం వేయవచ్చో. దారం ఎక్కడిది, గూళ్లు ఏ కేంద్రానివి, పురుగు బయటికి వచ్చిన గూళ్లా లేక పోగు లాగగా మిగిలిన వ్యర్థమా, వడికింది ఎవరు, చిటికీ కట్టింది ఎవరు, నేసింది ఎవరు. తెలియని చోట ఖాళీ వదలమన్నాను. ఆయన చదివి, “ఇంత రాస్తే ఎవరు కొంటారు మేడం?” అన్నారు. నేను కొంటానన్నాను. “మీరు ఒక్కరు” అన్నారు. కోపంతో కాదు, లెక్క చెప్పినట్టు. కాగితం మడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నారు.

కొనాలనుకునేవాళ్లకు. నేత కోసమైతే నిస్సందేహంగా కొనండి, ఆ మగ్గం మీది పనికి 14,500 ఎక్కువేమీ కాదు. ఎండాకాలం పెళ్లిళ్లకు కట్టుకోవడానికి పట్టు కావాలన్నా ఇదే కొనండి. మెరుపు, తీరైన డిజైను కావాలంటే 11,000 చీర తీసుకోండి, చిలుక ముక్కు బాగుంటుంది. పురుగు చావకూడదని మాత్రమే 3,500 ఎక్కువ పెట్టేవాళ్లు ముందు బిల్లు చూపించమనండి, దాని మీద గూళ్ల ఊరు పేరు లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. జాకెట్టు ముక్క చీరతోనే వస్తుంది గాని అదే నూగు దారం కాబట్టి చంక దగ్గర త్వరగా ఉండలు కడుతుంది, విడిగా నూలుది కుట్టించుకోవడం మేలు. కొంగు ముడులకు 400 వేరే తీసుకుంటారు, ముందే మాట్లాడుకోండి.